ఏడు కిలోలు దాటితే పోనియ్యరు

పిల్లలిద్దరినీ తీసుకుని దుబాయ్ వెళ్ళాలని ఖాయమైన రోజు అందరూ నా మొహంలో సంతోషం వెతికారు. నేను మాత్రం సంచుల గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. మా ఆయన కొన్నది చవక టిక్కెట్టు. పెద్ద పెట్టె ఎక్కించే వీలు అందులో లేదు. మనిషికొక చేతి సంచి, ఒక్కోటి ఏడు కిలోలు, అంతే. పిల్లలకు కూడా సీట్లు ఉన్నాయి కాబట్టి సంచులు మూడు. మోసేవాళ్ళు మాత్రం ముగ్గురు కాదు. పెద్దవాడికి ఎనిమిదేళ్ళు, వాడి బూట్ల తాడు వాడు కట్టుకుంటే అదే పదివేలు. చిన్నదానికి మూడు నిండి నాలుగు నడుస్తోంది, సగం దారి దాన్నే మోయాలి.

ఆయన అక్కడ ఒక కంపెనీలో డ్రైవర్. చిన్నది ఐదు నెలల పిల్లగా ఉన్నప్పుడు వెళ్ళాడు. ఒకసారి సెలవు ఇవ్వక, ఇంకోసారి కంపెనీ మారడం వల్ల మళ్ళీ ఇంటి మొహం చూడలేకపోయాడు. ఇప్పుడు తెలిసినవాళ్ళ కుటుంబం సెలవులకు ఊరికి వస్తుంటే, రెండు నెలలకు వాళ్ళ గది కిరాయికి దొరికింది. "నేనొచ్చుడు ఎట్లాగూ అయితలేదు, మీరే రాండ్రి" అన్నాడు ఫోనులో.

మా చిన్నదానికి తండ్రి అంటే ఫోను. మాట వరసకు అంటున్నది కాదు. ఫోను చూపించి ఇదేంటని అడిగితే "డాడీ" అంటుంది. చార్జింగ్ అయిపోతే "డాడీ పండుకున్నడు" అంటుంది. తెర మీద ఆయన కనబడితే మోకాలి మీది దెబ్బ చూపిస్తుంది, ముద్దు పెడుతుంది, నాలుక బయటపెట్టి వెక్కిరిస్తుంది. అదే, మీసాలున్న మనిషి ఎవరైనా గడపలో నిలబడితే చాలు, నా కుట్టుమిషను కింద దూరి కూర్చుంటుంది. కరెంటు బాగుచేసేవాడు వచ్చినా అంతే, సొంత మేనమామ వచ్చినా అంతే. మా అన్న ఒకసారి చాక్లెట్ పట్టుకుని మిషను ముందు అరగంట గొంతుక్కూర్చుని, చివరికి దాన్ని పెద్దవాడి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఈ సంగతి ఆయనకూ తెలుసు. టిక్కెట్లు కొన్నప్పటి నుంచి ఫోను పెట్టేసే ముందు రోజూ ఒకటే మాట.

"నా దగ్గరికొస్తదంటవా?"

"ఎందుకు రాదు? తండ్రివి గాదా?" అనేదాన్ని. నాకు మాత్రం నమ్మకం లేదు. ఎయిర్‌పోర్టులో అందరి ముందు ఇది ఆయన్ని చూసి కెవ్వుమంటే ఆ మనిషి మొహం ఎలా మారుతుందో తలుచుకోవడానికే భయమేసేది. ఉండేదే రెండు నెలలు. అందులో నెలన్నర మచ్చిక చేసుకోవడానికే పోతే ఇక మిగిలేదేముంది? మిషను తొక్కుతున్నా, అన్నం వారుస్తున్నా నాకు ఇదే రంధి.

దీని మీద మూటల గొడవ ఒకటి. గల్ఫ్‌లో ఏ దేశానికి పోయినా మా బాన్సువాడలో దాన్ని దుబాయ్ అనే అంటారు. దుబాయ్ ప్రయాణం ఎప్పుడూ ఒక్క ఇంటి ప్రయాణం కాదు. పోయేవాళ్ళు అక్కడున్నవాళ్ళకు మూటలు మోసుకుపోవాలి, వచ్చేవాళ్ళు ఇక్కడున్నవాళ్ళకు మోసుకురావాలి. కాదనడం అనే మాట లేదు. మా ఇంట్లో ఉన్న మెత్తని దుప్పటి, పెద్దవాడి బూట్లు, చిన్నది తాగి పెరిగిన పాలపొడి, అన్నీ ఎవరో ఒకరు తమ బట్టలు తీసి పక్కన పెట్టి తెచ్చినవే. అవన్నీ కళ్ళ ముందు పెట్టుకుని వద్దని ఏ నోటితో అనను?

నేను బట్టలు కుడతాను. బస్టాండు వెనక గల్లీలో రెండు గదులు, ముందు గది మిషనుకు, వెనక గది మాకు. కబురు ఎలా పాకిందో గానీ, జాకెట్లు ఇచ్చిపోయే ఆడవాళ్ళే డబ్బాలు పట్టుకుని దిగారు. మొదట వచ్చినవన్నీ పచ్చళ్ళే.

"చేతి సంచిల పచ్చడి పోనియ్యరు అక్కా" అన్నాను ఒకామెతో.

"పచ్చడేమన్న నీళ్ళా? గట్టిగనే పెట్టిన."

"నూనె ఉంటది గదా."

"నూనె వంపి ఇస్త తియ్యి."

నెయ్యి కూడా వాళ్ళ దృష్టిలో నీళ్ళ కిందికే వస్తుందని చెబితే ఇంకొకామె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. కారంపొడి కూడా వద్దంటే "మరింకేం తింటడు వాడు?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఎయిర్‌పోర్టు వాళ్ళ చట్టాలన్నీ నేనే మిషను ముందు కూర్చుని రాసినట్టు, పూటపూటకూ సంజాయిషీ చెప్పుకుని నా గొంతు బొంగురుపోయింది. మా అత్తమ్మ వెనక వీధిలో మా బావగారింట్లో ఉంటుంది. రోజూ ఒకసారి వచ్చి, నేను కష్టపడి వద్దని ఒప్పించిన మనిషితో "పట్టుకపోతది తియ్యి, పిల్లగాండ్ల బట్టలు రెండు తగ్గిస్తె ఏమైతది" అనేసి చేతులు దులుపుకుని పోయేది. నాకు ఒళ్ళు మండేది. పైకి మాత్రం దారం కొరికి ఊరుకునేదాన్ని.

చివరికి ఒక సంచి బట్టలకు, ఒక సంచి దారిలో పిల్లల అవసరాలకు, అంటే మార్చే గౌన్లు, బిస్కెట్లు, జ్వరం గోలీలు, వాంతులకు కవర్లు, ఇలాంటివాటికి అనుకున్నాను. మూడోది చక్రాల నీలం సంచి. అందులో మూడు మూటలు, మా ఆయనకు ఒకటి, అంతకు మించి గుండుసూది కూడా పట్టదని తెగేసి చెప్పాను. మొదటి మూట పక్కింటక్కది, వాళ్ళాయన కోసం సకినాలు, కడుపులో మంటకు గోలీలు. రెండోది మద్నూర్ నుంచి వచ్చి నా దగ్గర కుట్టించుకునే ఆమెది. మరాఠీ యాసలో నన్ను తాయీ, అంటే అక్కా అని పిలుస్తుంది. "వజన్ ఏం లేదు తాయీ" అంటూ జొన్నరొట్టెలు కరకరలాడేలా ఎండబెట్టి తెచ్చింది, ఆమె పెనిమిటికి. మూడోది కోటగిరి అవ్వది, ఆమె జాకెట్లూ నేనే కుడతాను. కొడుకు కోసం గారెలు, రెండు లుంగీలు ఒడిలో పెట్టుకుని షేర్ ఆటోలో ఇరుక్కుని వచ్చింది. వచ్చి నా గడపలో కూలబడి "వానికి లుంగీ గట్టనిది నిద్ర రాదు బిడ్డా" అంది. అవ్వను కాదనడం నా వల్ల కాలేదు.

ప్లాస్టిక్ కవర్లయితే చిరుగుతాయని నేనే గుడ్డ సంచులు కుట్టాను. దర్జీ ఇంట్లో ముక్కలకేం కొదవ? ఎవరి జాకెట్ కుట్టగా మిగిలిన ముక్కతో వాళ్ళ మూటకే సంచి. పక్కింటక్కది చిలకాకుపచ్చ, మద్నూర్ ఆమెది పసుపు, అవ్వది నల్ల గుడ్డ మీద తెల్ల చుక్కలు. మా ఆయనకు వంకాయ రంగు, నా పెళ్ళిరోజు జాకెట్‌లో మిగిలింది. చిన్నది మిషను పక్కన కూర్చుని ఒక్కొక్కటీ ఎత్తి చూపిస్తూ అడిగేది.

"గిది ఎవలది?"

"పక్కింటి పెద్దమ్మ వాళ్ళాయనది."

"గిది?"

"లుంగీల అవ్వ కొడుకుది."

ఇలా ఎన్నిసార్లు చెప్పానో. చివరికి నేను అడిగితే అదే చెప్పేది. రోజూ ఆ నీలం సంచి సర్దడం, బరువనిపించి మళ్ళీ అంతా బయటికి తియ్యడం నాకు పనైపోయింది. సంచి ఖాళీ అవ్వడం ఆలస్యం, ఇది వెళ్ళి అందులో మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేది. పెద్దవాడు జిప్పు పెట్టబోతే అది కిచకిచ నవ్వేది. నేను ఇద్దరినీ అరిచి, దాన్ని లేపి, మళ్ళీ సర్దేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నేను పిల్లలతో అరవకుండా మాట్లాడిన మాట ఒక్కటీ గుర్తులేదు.

తూకం చూసుకోవడానికి గల్లీ చివర కిరాణా దుకాణానికి వెళ్ళాం. బియ్యం సంచులు తూచే పెద్ద కాంటా ఉంది అక్కడ. సేటు నీలం సంచి ఎత్తి పెట్టి చూశాడు.

"ఏడు దాటింది అక్కా. అర్ధ కిలో తియ్యాలె."

దుకాణం మెట్టు మీద కూర్చుని మూటలన్నీ బయట పెట్టి ఏది తగ్గించాలా అని తల పట్టుకున్నాను. ఈలోగా చిన్నది కాంటా మీది ఖాళీ సంచిలోకి ఎక్కి కూర్చుంది. సేటుకు నవ్వొచ్చింది.

"గీ పార్శిల్ ఎక్కడికమ్మా?"

"దుబాయ్‌కి" అంది ఇది.

ఆయన వంగి అంకెలు చూసి, "అబ్బో, సంచితోటి పద్నాలుగున్నది. ఏడు దాటితె పోనియ్యరు బిడ్డా" అన్నాడు. దుకాణంలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఇది నవ్వలేదు. మెల్లగా దిగి వచ్చి నా చున్నీ పట్టుకుంది.

ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు. కూర నచ్చలేదేమో అనుకుని పెరుగు కలిపాను, పళ్ళెం తోసేసింది. సాయంత్రం పాలు కూడా వద్దంది. జ్వరమేమో అని ఒళ్ళు పట్టుకుని చూస్తే చల్లగానే ఉంది. ఎందుకు తినవే అని గదమాయించాక చెప్పింది.

"తింటె బరువైత. పోనియ్యరు."

ముందు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. పెద్దవాడు దాని పక్కన కూర్చుని "నువ్వు సంచివా ఏంది? నీకు సీటున్నది, నిన్నెవలు జోకరు" అని సర్దిచెప్పాడు. మా వైపు తూకం వెయ్యడాన్ని జోకడం అంటారు. ఇది సగం నమ్మి, సగం నమ్మక నాలుగు ముద్దలు తింది. పోవాలనే ఆశ దీనికీ ఉందన్నమాట అనుకున్నాను. కానీ అది పోవాలనుకుంటున్నది తెరలో నాలుక బయటపెట్టే డాడీ దగ్గరికి. అక్కడ ఎదురుగా నిలబడేది ఆరడుగుల మీసాల మనిషి. ఆ సంగతి దానికెలా చెప్పాలో నాకు తోచలేదు.

ప్రయాణం రేపనగా అత్తమ్మ స్టీలు డబ్బా నిండా గర్జెలు తెచ్చింది. కోస్తా వాళ్ళు కజ్జికాయలంటారే, అవి. ఆయనకు ప్రాణం. చక్కెర, కొబ్బరి, రవ్వ, అన్నీ తన చేత్తో వేయించి, అంచులు ఒక్కొక్కటీ గోటితో నొక్కి చేసింది. వంకాయ రంగు సంచిలో పోసి మూతి కుట్టేసి, ఇక సర్దడం అయిపోయింది దేవుడా అని నడుం వాల్చానో లేదో ఆయన ఫోను చేశాడు. నీకేం తెస్తున్నానో చెప్పుకో అన్నాను. అమ్మ గర్జెలు చేసిందని చెప్పాను.

"గసగసాలు ఏసిందా?"

"నాకేం తెలుసు. ఎందుకు?"

"ఈడ గసగసాలు బంద్, మత్తుమందు లెక్క చూస్తరు. ఒక్క గింజ దొరికినా లోపలేస్తరు. పిండిల కలిసున్నా ఇడిచిపెట్టరు. పిల్లలతోటి వస్తున్నవ్, జరా చూస్కో."

అత్తమ్మ ఇంకా గడపలోనే కూర్చుని చిన్నదానికి జడ వేస్తోంది. అడిగాను.

"గసగసాలు లేనియి గర్జెలెట్లైతయి?" అంది తల ఎత్తకుండానే.

విషయం చెబితే నమ్మలేదు. "మనింట్ల తినే గింజలకు జైల్ల ఏస్తరా? నువ్వే బరువైతదని ఎత్తేస్తున్నవ్" అంది. ఫోను ఆమె చెవికి పెట్టాను. కొడుకు నోటితో విన్నాక నమ్మింది. నేను కుట్టు విప్పి గర్జెలన్నీ మళ్ళీ డబ్బాలో పోస్తుంటే చూస్తూ కూర్చుంది. "వాని నోట్లె నా చేతి ముద్ద పడక ఎన్నొద్దులైందో" అని మాత్రం గొణుక్కుంది. నాకు ఆమె మీద అంతకుముందున్న కోపమంతా నీరుగారిపోయింది. దగ్గరికి వెళ్ళి కూర్చోవాలనిపించింది. కూర్చునే తీరిక ఎక్కడిది? సంచి మూలమూలలా దులపాలి. గుడ్డ సంచి ఉతకాలి. మిగతా మూడు మూటలు కూడా విప్పి చూసుకోవాలి.

ఒకరు నమ్మి ఇచ్చిన మూట విప్పడం మా దగ్గర చిన్న మాట కాదు. వాళ్ళ ఇంటి గుట్టు విప్పినట్టే. పక్కింటక్కను పిలిచి ఆమె ముందే విప్పాను, గసగసాలు వేశావా అని అడిగాను. "సకినాలల్ల గసగసాలు ఎవలన్న ఏస్తరా? నా మీద నమ్మకం లేదా చెల్లె?" అని మొహం మాడ్చుకుంది. మద్నూర్ ఆమెకు ఫోను చేసి అడిగాను, రొట్టెల్లో ఏమీ లేవంది. అవ్వకు ఫోను లేదు. గారెలు ఒక్కొక్కటీ విరిచి కొంచెం నోట్లో వేసుకుని చూశాను. లుంగీలు మడత విప్పకుండా అలాగే పెట్టేశాను.

ఇంకేదైనా చేసి ఆయన సంచిలో పెడదామంటే పొద్దు పోయింది, ఒంట్లో ఓపిక అంతకంటే ముందే పోయింది. మళ్ళీ ఫోను చేసినప్పుడు ఆ మాటే చెప్పాను. "నాకేం తేకు. పిల్లల్ని తే, చాలు" అన్నాడు. అని, ఎప్పటి మాటే అడిగాడు. ఈసారి నేను వస్తదనీ అనలేదు, రాదనీ అనలేదు. ఉతికి ఆరేసిన వంకాయ రంగు సంచిని చిన్నది తీగ మీది నుంచి లాగి, నీలం సంచిలో అడుగున పెట్టుకుంది. "గిది డాడీది" అంది. ఖాళీదెందుకే అనబోయి ఊరుకున్నాను. దానికి బరువేముంది.

తెల్లవారగానే కారులో హైదరాబాద్ బయలుదేరాం. ఊరు దాటకముందే చిన్నది, మెదక్ దాటాక పెద్దవాడు వాంతి చేసుకున్నారు. మార్చే గౌను ఒకటి, చొక్కా ఒకటి అప్పుడే అయిపోయాయి. ఎయిర్‌పోర్టులో ఒక చేత్తో నీలం సంచి ఈడుస్తూ, భుజానికి ఒకటి తగిలించుకుని, మూడోది పెద్దవాడి వీపుకు తొడిగి, కాగితాలు పళ్ళతో పట్టుకుని నిలబడ్డాను. కౌంటరు దగ్గర సంచులు తూకం మీద పెట్టమన్నారు. పెట్టి వెనక్కి తిరిగేసరికి చిన్నది లేదు. చూస్తే స్తంభం వెనక నక్కి, "నన్ను జోకకుండ్రి, నన్ను జోకకుండ్రి" అని ఏడుస్తోంది. కౌంటరులోని అమ్మాయికి అర్థం కాక నావైపు చూసింది. నాకు వివరించే ఓపిక లేదు. వెళ్ళి దాన్ని చంకనేసుకుని వచ్చాను. తగ్గించి సర్దిన నీలం సంచి కూడా ఏడులోపే తూగింది.

తనిఖీ దగ్గర నీలం సంచిని పక్కకు లాగారు. యూనిఫాం వేసుకున్న ఆమె తెల్ల చుక్కల నల్ల మూట విప్పి, లుంగీ మడతల్లోంచి ఒక సీసా బయటికి తీసింది. నెయ్యి. అవ్వ నాకు చెప్పలేదు. చెబితే వద్దంటానని ఆమెకు తెలుసు. "పెద్ద మనిషి పెట్టింది మేడం, నాకు తెలీదు" అన్నాను. ఆమె తల ఊపి సీసాను పక్కనున్న డబ్బాలో పడేసింది, అలాంటివి రోజూ ఎన్ని పడేస్తుందో. ఇంటి నెయ్యి, ఎర్రగా కాచి పూస కట్టింది. ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. లుంగీలు మళ్ళీ మడతపెట్టాను, నా చేతులకు నెయ్యి వాసన వస్తూనే ఉంది.

విమానంలో ఏం జరిగిందో నన్ను అడగవద్దు. చెవులు నొప్పని చిన్నది ఏడ్చింది, దాని ఏడుపు విని ముందు సీటు పసిపిల్ల ఏడ్చింది, కిటికీ సీటు కావాలని పెద్దవాడు అలిగాడు. నా సంగతి అడిగేవాళ్ళు లేరు కాబట్టి నేనే కాస్త కళ్ళు మూసుకున్నాను. మూసుకుంటే ఆయన మొహం కనబడింది, చేతులు చాపి నిలబడినట్టు. మళ్ళీ తెరిచాను.

దిగి బయటికి వచ్చేసరికి కడ్డీల అవతల ఆయన ఉన్నాడు. సన్నబడ్డాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పక్కనే మూటల వాళ్ళు ముగ్గురూ ఉన్నారు, పక్కింటక్క వాళ్ళాయన, మద్నూర్ ఆమె పెనిమిటి, అవ్వ కొడుకు. పెద్దవాడు పరుగెత్తి, దగ్గరికి వెళ్ళాక సిగ్గుపడి ఆగాడు. ఆయనే వాడిని పొదివి పట్టుకున్నాడు. తర్వాత వాడి తల మీదుగా చిన్నదాన్ని చూశాడు. నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాపాడు.

"బిడ్డా."

ఇది నా చేతిలోని ఫోను చూసింది, ఆయన్ని చూసింది, మళ్ళీ ఫోను చూసింది. ఆ తర్వాత నా కాళ్ళ వెనక్కి వెళ్ళి చున్నీ తల మీద కప్పుకుంది. అరవలేదు, ఏడవలేదు. దాక్కుంది, అంతే. ఆయన చేతులు కాసేపు అలాగే ఉన్నాయి. తర్వాత మెల్లగా దించుకుని మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "అలిసిపోయినట్టున్నది" అన్నాడు, ఎవరో అడిగినట్టు. ఆ ముగ్గురూ మొహాలు పక్కకు తిప్పుకున్నారు. నాకు అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. ఇంత దూరం మోసుకొచ్చింది దీని కోసమేనా అనిపించింది.

"ముందు వీళ్ళ మూటలు ఇచ్చెయ్యి. డ్యూటీ ఇడిచిపెట్టి వచ్చిండ్రు" అన్నాడు ఆయన.

గోడ వారగా కూర్చుని నీలం సంచి పడుకోబెట్టి జిప్పు లాగాను. ఆ చప్పుడుకు చున్నీ కదిలింది. ఇది ముందు తల బయటపెట్టింది, తర్వాత మొత్తం బయటికొచ్చింది. ఇన్నాళ్ళూ తన పని అదే కదా. సంచి పక్కన గొంతుక్కూర్చుని నావైపు చూసింది.

"పక్కింటి పెద్దమ్మ వాళ్ళది" అన్నాను, వాళ్ళాయన వైపు చెయ్యి చూపించి.

చిలకాకుపచ్చది తీసింది. లేచి, తిన్నగా నడిచి వెళ్ళి పక్కింటక్క వాళ్ళాయన చేతిలో పెట్టింది. ఆయన ఆ గుడ్డను చూసి "గిది దాని జాకెట్ గుడ్డ గదా" అన్నాడు, మూట విప్పకుండా అలాగే పట్టుకున్నాడు. తర్వాత నేను చూపించినట్టే పసుపుది మద్నూర్ ఆయనకు. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. చివరికి తెల్ల చుక్కలది. నెయ్యి అక్కడే తీసేసుకున్నారని అవ్వ కొడుక్కు చెప్పాను. "పెట్టకుంట ఎట్లుంటది మా అమ్మ" అని నవ్వి, వెంటనే అవతలికి తిరిగాడు. ముగ్గురికీ మీసాలున్నాయి. ముగ్గురి దగ్గరికీ ఇది జంకు లేకుండా పోయింది. దాని కళ్ళకు వాళ్ళు కొత్త మనుషులు కారు, మూటల వాళ్ళు.

మా ఆయన ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు. దగ్గరికి జరగలేదు. అక్కడి నుంచే మెల్లగా అడిగాడు.

"మరి నాదేది బిడ్డా?"

ఇది సంచిలోకి వంగి వంకాయ రంగు గుడ్డ సంచి తీసింది. చెయ్యి పెట్టి చూసింది. లోపలి పక్క బయటికి తిప్పి దులిపింది. ఏమీ రాలలేదు. నా మొహంలోకి చూసింది.

"నాయినమ్మ గర్జెలు చేసింది గని" అని మొదలుపెట్టాను.

ఇది ఆ గుడ్డ సంచిని కింద పెట్టి, జిప్పు దాటి నీలం సంచిలోకి అడుగేసి, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఆయన వైపు చూసింది.

"గిది డాడీది" అంది. అని, గొంతు తగ్గించి, "గని ఏడు దాటింది" అంది.

ఆయనకు అర్థం కాలేదు. నావైపు చూశాడు. పెద్దవాడే చెప్పాడు, కిరాణా సేటు జోకాడని, ఏడు దాటితే పోనియ్యరన్నాడని, చెల్లి అన్నం కూడా తినలేదని. ఆయన వింటూ వింటూ కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎంతున్నా తీస్కపోత బిడ్డా" అన్నాడు.

దాన్ని ఎత్తుకోలేదు. చెయ్యి కూడా వెయ్యలేదు. అది ఎగిరిపోతుందేమో అన్నంత భయంగా, సంచి పిడి ఒక్కటి పట్టుకుని, నడుం వంచి, ఆ నున్నటి నేల మీద మెల్లగా లాగడం మొదలుపెట్టాడు. ఇది రెండు చేతులతో అంచులు పట్టుకుని కూర్చుంది. నేను వస్తున్నానో లేదో ఒకసారి తిరిగి చూసింది, ఆ తర్వాత చూడలేదు. బట్టల సంచి పక్కింటక్క వాళ్ళాయన తీసుకున్నాడు, రెండోది అవ్వ కొడుకు తీసుకున్నాడు. నా చేతుల్లో ఏమీ లేదు. ఆయన దాన్ని ఎత్తుకోవడానికి ఇంకో వారం పట్టింది. ఆ రోజు మాత్రం కారు దాకా అలాగే వంగి లాగుతూ పోయాడు, అడుగడుక్కీ ఆగి, సంచిలో ఉందో లేదో అని వెనక్కి తిరిగి చూసుకుంటూ.